రోడ్ సైకిల్‌పై వేళ్ల తిమ్మిరి ఎలా తగ్గింది: నా అనుభవం

మౌంటెన్ బైక్ నుంచి రోడ్ సైకిల్‌కు మారాక, విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్తూ రుషికొండ చేరేసరికి నా చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కేవి. జెల్ గ్లవ్స్, హ్యాండిల్‌కు చుట్టే మందపాటి బార్ టేప్, టైర్లలో గాలి తగ్గించడం, ఏవీ ఫలించలేదు.

ఫలించినవి సీటు, హ్యాండిల్ సర్దుబాట్లు. ముందుగా సీటు. సైకిల్‌ను చదునైన నేలపై నిలబెట్టి, సీటు మీద పొడవునా అట్ట పుస్తకం పెట్టి, దానిపై తాపీమేస్త్రీలు వాడే రసమట్టం ఉంచి చూస్తే సీటు ముక్కు కిందికి వాలి ఉంది. ఆ వాలుకు శరీరం ముందుకు జారి, బరువంతా అరచేతుల మీద, చిటికెన వేలికి వెళ్లే నరం మీద పడుతుంది. సీటు కింది బోల్టును అలెన్ కీతో వదులు చేసి, మట్టం సరిచూసి, సీటును కొద్దిగా వెనక్కి జరిపి బిగించాను.

ఆ తర్వాతే హ్యాండిల్ జోలికి వెళ్లాను. స్టెమ్ (హ్యాండిల్‌ను ముందు ఫోర్క్ గొట్టానికి కలిపే భాగం) పక్క బోల్టులు వదులు చేసి, పై మూత విప్పి, స్టెమ్ మీదున్న స్పేసర్ అనే రింగును దాని కిందికి మార్చాను; దాంతో హ్యాండిల్ కాస్త పైకి వచ్చింది. తిరిగి బిగించేటప్పుడు మాత్రం మొదట పై మూత బోల్టుతో హెడ్‌సెట్‌లోని (హ్యాండిల్ తిరగడానికి ఉండే బేరింగుల్లోని) వదులు తీసి, ఆపైనే పక్క బోల్టులు బిగించాలి. వరుస తప్పితే ముందు ఫోర్క్ లొడలొడలాడుతుంది.

ఇప్పుడు భీమిలి వరకూ తిమ్మిరి లేదు. అయితే రెండు మార్పుల్లో ఏది ఎక్కువ పనిచేసిందో విడదీసి చెప్పలేను. ఫ్రేమే పెద్దదైతే ఇది చాలకపోవచ్చు. సైకిల్ దిగాక కూడా తిమ్మిరి వదలకపోతే వైద్యుణ్ణి సంప్రదించడం మేలు.