వానాకాలంలో కార్డులు వంగకుండా, బూజు పట్టకుండా ఎలా దాచాలి?

వేయించిన అప్పడాల డబ్బాకి మూత పెట్టడం మరిచిపోతే నెల్లూరులో అవి ఎంతసేపట్లో మెత్తబడతాయో మనకి తెలుసు. క్రికెట్, పోకెమాన్ బొమ్మలతో పిల్లలు దాచుకునే కార్డు కూడా అట్టముక్కే కదా! కాస్త ఆలస్యంగా అదే పని చేస్తుంది.

మా ఇంట్లో రెండు తరాల కార్డులున్నాయి. తొంభైల్లో బబుల్‌గమ్‌తో పాటు వచ్చిన క్రికెట్ కార్డులు నావి, పోకెమాన్ కార్డులు మావాడివి. నావి సగం పోయాయి. చెప్పుల డబ్బాలో పెట్టి అటకెక్కించాను. ఏళ్ల తర్వాత దించి విడదీస్తే, ఒక బ్యాట్స్‌మన్ ముఖం పక్క కార్డు వీపుకి అంటుకుని వచ్చేసింది. మావాడి కార్డులకు అలా జరగకూడదని మొదలుపెట్టిన పద్ధతి ఇది.

1. ముందు తేమ ఎంతుందో చూడండి

హైగ్రోమీటర్ అనే చిన్న డిజిటల్ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. డబ్బాలో 45 నుంచి 50 శాతం చూపిస్తే మంచిది. 60 దాటితే జాగ్రత్త పడాలి. 70 దగ్గర చాలా రోజులు ఉంటే బూజు పట్టే ప్రమాదం ఉంది.

చవక మీటర్లు కొన్నిసార్లు తప్పు చూపిస్తాయి. దానికి ఇంట్లోనే పరీక్ష ఉంది. సీసా మూతలో ఉప్పు వేసి, ముద్దగా తడిసేలా కొన్ని నీటిచుక్కలు కలపండి. దాన్ని, మీటర్ని ఒకే జిప్ కవర్లో పెట్టి మూసి, రాత్రంతా వదిలేయండి. ఇస్కపల్లి ఉప్పైనా, ప్యాకెట్ ఉప్పైనా తడి ఉప్పు మీది గాలి 75 శాతం దగ్గరే నిలుస్తుంది. మీటర్ 80 చూపిస్తే అది 5 ఎక్కువ చెబుతోందన్నమాట.

2. మూత పెట్టే రోజును ఎంచుకోండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వాన చూసి టెన్షన్ పడి, అప్పటికప్పుడు గాలి చొరని డబ్బా కొని కార్డులన్నీ అందులో పెట్టి బిగించేస్తారు. అప్పటికే కార్డులు చెమ్మ పీల్చుకుని ఉంటాయి. దాన్ని లోపలే బంధించినట్టవుతుంది.

నెల్లూరు, ఒంగోలు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, తుఫాన్లతో వస్తాయి. కాబట్టి ఆ పని ముందే చేసుకోవాలి. పడమటి గాలి వీచే ఎండాకాలం మధ్యాహ్నం మంచి సమయం. సాయంత్రం సముద్రపు గాలి తిరిగిందంటే మళ్లీ తేమే. ఏసీ ఉంటే ఇంకా సులువు. తలుపులు మూసి, డ్రై మోడ్‌లో పెట్టి, మీటర్ 50కి దిగాక కార్డులను కొన్ని గంటలు నీడలో పరిచి ఉంచండి. ఎండలో మాత్రం ఆరబెట్టకండి, రంగు వెలుస్తుంది.

మెరిసే ఫాయిల్ కార్డులను ప్రత్యేకంగా చూసుకోవాలి. కాగితం తేమ పీల్చి సాగుతుంది, ఫాయిల్ సాగదు. దాంతో కార్డు ఫాయిల్ వైపుకి వంగుతుంది. మరీ ఎండిపోతే వెనక్కి వంగుతుంది. అందుకే 30 శాతానికి దించేయాలన్న అత్యాశ వద్దు.

3. కవర్లు వేయండి

ఒక్కో కార్డుకి ఒక్కో స్లీవ్. పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. ఘాటు వాసన వచ్చే మెత్తని పీవీసీ కవర్లు వద్దు, కాలం గడిచేకొద్దీ జిగురెక్కుతాయి. స్లీవ్‌కి పైన నోరు తెరిచే ఉంటుంది. అది గీతల్ని, కార్డులు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని ఆపుతుంది, తేమని ఆపదు.

4. డబ్బా, సిలికా జెల్

వంటింట్లో వాడే, మూతకి రబ్బరు చుట్టు ఉండి నాలుగు వైపులా లాక్ పడే ప్లాస్టిక్ డబ్బా చాలు. అట్టపెట్టె వద్దు, అదే తేమ పీలుస్తుంది. కార్డులకు తగలకుండా ఒక మూల తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టండి. పక్కనే, బయటికి కనపడేలా మీటర్ పెట్టండి. ఎన్ని ప్యాకెట్లు కావాలో అదే చెబుతుంది: 40 కంటే దిగితే ఒకటి తీసేయండి.

రంగు మారే ఆరెంజ్ గుళికలు నయం. ముదురు ఆకుపచ్చకి తిరిగితే నిండాయని అర్థం. అప్పుడు వాటిని స్టీలు పళ్లెంలో పోసి, ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. ఆ పళ్లెం మళ్లీ తిండికి వాడకండి.

బియ్యం పోయమని ఎవరో ఒకరు చెబుతారు. మొలగొలుకులైనా సరే, పోయకండి. తేమ పీల్చడం అంతంతమాత్రం, పైగా పిండి, పురుగు. కలరా ఉండలు కూడా వద్దు. అవి తేమని తీయవు, వాటి ఆవిరి కొన్నిరకాల ప్లాస్టిక్‌ని పాడుచేస్తుంది.

5. ఎక్కడ పెట్టాలి?

బయటి గోడకి ఆనించిన బీరువా, బాత్రూమ్ గోడ పక్కన గూడు, వాన కారే అటక – ఈ మూడూ వద్దు. నేల మీద అసలే వద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. లోపలి గదిలో, నడుము కంటే ఎత్తున ఉన్న అర మంచిది. ఏసీ గదిలోంచి చల్లటి డబ్బాని బయటికి తెస్తే వెంటనే మూత తీయకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు కార్డులకీ పడుతుంది. ఓ గంట ఆగండి.

అయినా తడిస్తే

విడివిడిగా ఉన్నవాటిని స్లీవ్‌లోంచి తీసి, తెల్లకాగితాల మధ్య పరిచి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు. సగం ఆరాక కొత్త కాగితాలు మార్చి, పైన బరువైన పుస్తకాలు పెట్టండి. అతుక్కున్న కట్టని మాత్రం లాగకండి. ఆ తడి మీదే జిప్ కవర్లో వేసి ఫ్రీజర్లో పెడితే, అది ఇంకా బిగుసుకోకుండా, బూజు రాకుండా ఆగుతుంది. తీరిక దొరికాక ఒక్కొక్కటే చూసుకోవచ్చు. బూజు పట్టినవాటిని వేరే కవర్లో పెట్టి, బాగా ఆరాక మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి. వాటిని మళ్లీ మంచివాటితో కలపకండి, మావాడు ఎంత బతిమాలినా నేను కలపలేదు.