మృగశిర చినుకు పడకముందే పచ్చికకు చేయాల్సిన పనులు

రోహిణి ఎండల్లో మాలీలందరి ధ్యాసా నీళ్ల మీదే ఉంటుంది. అసలు టెన్షన్ మాత్రం జూన్ రెండో వారంలో, మృగశిర వానలతో మొదలవుతుంది. ముసురు పట్టాక మందు కొట్టడానికి తెరిపి దొరకదు, కొట్టినా ఆకు మీద నిలవదు. గోల్ఫ్ కోర్సయినా, విజయనగరంలో కాలేజీ క్రికెట్ గ్రౌండయినా, భోగాపురం వైపు రిసార్టు లాన్ అయినా సగం పని మే నెలలోనే అయిపోవాలి.

ముందుగా తుంగ సంగతి. కూలీలను పెట్టి పీకిస్తే పోతుందనుకుంటారు, పోదు. దాని గడ్డలు మట్టిలో గొలుసుకట్టుగా ఉంటాయి. పైమొక్కను లాగితే గొలుసు తెగి, అప్పటిదాకా నిద్రలో ఉన్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. గింజ మొలవకుండా ఆపే పెండిమిథాలిన్ అనే కలుపు మందు దీని మీద పనిచేయదు. చెరకు తోటల్లో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అనే కలుపు మందును గరిక జాతి పచ్చిక తట్టుకుంటుంది. తుంగ లేతగా, నాలుగైదు ఆకుల మీద ఉన్నప్పుడు కొట్టాలి. ఒక్క దఫాతో తీరదు. మోతాదు విషయంలో షాపువాడి మాట కాదు, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో నైర వ్యవసాయ కళాశాలలోనో అడగండి.

అయితే ఈ తుంగ వచ్చే దారి కూడా చూడాలి. చాలాచోట్ల దాన్ని మనమే డబ్బులిచ్చి తెచ్చుకుంటాం. చదును కోసం పోసే నాగావళి, వంశధార ఇసుకలోనూ, సరిగ్గా మాగని గెత్తం (పశువుల ఎరువు)లోనూ గడ్డలు, గింజలు కలిసి వస్తాయి. లోడు దించగానే రెండు దోసిళ్లు ట్రేలో పోసి తడిపి, రెండు వారాలు ఉంచండి. ఏం మొలుస్తుందో చూశాకే గ్రౌండులో వేయండి.

చోడికి (రాగికి) దగ్గరి చుట్టమైన అడవి గడ్డి ఒకటుంది. మొదలు తెల్లగా, చదునుగా ఉండి నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుంటుంది. జనం నడిచి నడిచి మట్టి గట్టిపడిన చోటే లేస్తుంది. గింజ మొలవకముందు పెండిమిథాలిన్ కొట్టి, పలచగా నీళ్లు పెడితే చాలావరకు ఆగుతుంది. కొత్త పచ్చిక నాటబోయే చోట మాత్రం వద్దు, వేరు పట్టదు. గట్టిపడిన నేలకు గాలి రంధ్రాలు వేయకపోతే అది మళ్లీ అక్కడే వస్తుంది.

తొలకరి వాన పడిన సాయంత్రాల్లో వేపచెట్లను గమనించండి. పచ్చిక వేళ్లు తినే వేరుపురుగుకు తల్లులైన పెంకుపురుగులు నేలలోంచి లేచి ఆకులు తినడానికి చేరేది అక్కడికే. చీకటి పడ్డాక కొమ్మలు దులిపి, కింద పడినవాటిని కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయాలి. దీపపు ఎర పెట్టినా మంచిదే. ఇక్కడ అశ్రద్ధ చేస్తే తర్వాత నెలల్లో పచ్చిక పసుపెక్కి, లాగితే చాపలా చుట్టుకుని వచ్చేస్తుంది. గోరింకలు ఒకేచోట అదేపనిగా పొడుస్తుంటే అక్కడ అడుగు చదరం తవ్వి చూడండి. అయిదారుకు మించి పురుగులుంటే పురుగును చంపే మెటారైజియం అనే శిలీంధ్రాన్ని మాగిన గెత్తంలో కలిపి, నేల తడిగా ఉన్నప్పుడు వేయాలి.

ఆకు తినే గొంగళి పురుగులు పగలు కనపడవు. ఎనిమిది లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల గిన్నెల సబ్బు ద్రవం కలిపి చదరపు గజంలో పోస్తే, ఉంటే పది నిమిషాల్లో పైకొస్తాయి.

తెగుళ్లలో పొరపాటు ఎక్కువగా మందు దగ్గరే జరుగుతుంది. వరిలో పాముపొడ తెచ్చే శిలీంధ్రమే పచ్చికలో గోధుమ రంగు వలయాలు తెస్తుంది. పిథియం అనే తెగులు దీనికి భిన్నం. తెల్లవారుజామున ఆకులు నూనె రాసినట్టు తడిగా, పైన దూది పోగుల్లాంటి బూజుతో కనిపిస్తాయి. మచ్చ గుండ్రంగా కాక నీరు పారిన దారిలో, మిషన్ నడిచిన దారిలో సాగుతుంది. దీనికి కార్బెండజిమ్ అనే తెగులు మందు పనిచేయదు, మెటలాక్సిల్ జాతి మందులు కావాలి. ఫొటో తీసుకెళ్లి చూపించకపోతే షాపులో ఏదో ఒక పొట్లం చేతిలో పెట్టేస్తారు.

ఈ రెండింటికీ వానకు ముందు దండిగా వేసిన యూరియా, సాయంత్రం పెట్టే నీళ్లే బలం. నీళ్లు తెల్లవారాకే పెట్టండి. తడి పచ్చికను కోయకండి, మిషన్ బ్లేడు పదును పెట్టించి, ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లేముందు కడగండి. ఒక కోతలో ఆకు పొడవులో మూడో వంతు మించి తీయొద్దు. గోల్ఫ్ గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి అక్కడ తెగులును పట్టించుకోవడం ఒక్క రాత్రి ఆలస్యమైనా నష్టమే. అలాగని నత్రజని పూర్తిగా మానేస్తే రూపాయి బిళ్లంత ఎండు మచ్చలు లేస్తాయి. కొద్దికొద్దిగా ఇస్తూ ఉండాలి.

మందు పిచికారీ పొద్దున్నే, సముద్రపు గాలి లేవకముందే ముగించాలి. ముఖ్యంగా 2,4-డి అనే కలుపు మందు పక్క పొలంలో వంగ, మిరప మీద పడితే ఆకులు ముడుచుకుపోయి గొడవలవుతాయి. కలుపు మందుకు పంపు వేరుగా ఉంచండి. కొట్టే మనిషికి మాస్కు, గ్లౌజులు ఇవ్వండి. పంపు కడిగిన నీళ్లు చెరువులోకి పోనివ్వకండి. ఆకు ఆరేదాకా ఆటగాళ్లను లోపలికి రానివ్వొద్దు.

వానలు తగ్గాక తుఫాన్లనూ మరవకండి: 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. వరద ఒండ్రు పచ్చిక మీద పేరుకుంటే ఆరి పెచ్చు కట్టకముందే నీళ్లతో కడిగి, పారతో పైపైన తీసేయండి. ఆ ఒండ్రులో కొత్త కలుపు గింజలుంటాయి కాబట్టి, దాన్ని గ్రౌండులోనే ఓ మూల కుప్ప పోయకండి.