గ్రావిటీ క్వాంటమా, కాదా: క్యాలిక్యులేటర్‌తో లెక్క కట్టే పద్ధతి

నల్లగొండ, పాలమూరు దిక్కు డిగ్రీ ఫిజిక్స్ చదివేవాళ్లు క్వాంటమ్ గ్రావిటీని (గ్రావిటీ కూడా అణువుల లోకపు క్వాంటమ్ నియమాలనే పాటిస్తుందా అన్న ప్రశ్నను) స్ట్రింగ్ థియరీతో మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తుంటారు. అట్లా కాకుండా 2017లో భౌతిక శాస్త్రవేత్త సౌగతో బోస్ బృందం, విడిగా మార్లెటో, వెద్రాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన ప్రయోగాన్ని పట్టుకోండి. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. దేవరకొండ నుంచి నల్లగొండకు బస్సు చేరేలోపు లెక్క తేలుతుంది.

బోస్ బృందం లెక్కలో రెండు వజ్రపు రేణువులు, ఒక్కోటి 10⁻¹⁴ కిలోలు, అంటే అడ్డంగా సుమారు 1.8 మైక్రోమీటర్లు. ఒక్కో రేణువు ఒకేసారి రెండు దారుల్లో ఉంటుంది. దారుల మధ్య ఎడం 250 మైక్రోమీటర్లు. రేణువుల మధ్య దూరం 450 మైక్రోమీటర్లు, సమయం 2.5 సెకన్లు. వేరే ఏ బలమూ కలపకుండానే అవి ఎంటాంగిల్ అయితే, అంటే రెండింటి స్థితులూ విడదీయలేనట్టు ముడిపడితే, గ్రావిటీ ఉత్త క్లాసికల్ (క్వాంటమ్ కాని పాత తీరు) కాదన్నది వాదన. దీనిమీద తకరారు ఇంకా ఉంది.

గ్రావిటీ వల్ల ఒక్కో దారుల జంటలో రేణువుల క్వాంటమ్ తరంగం ఎంత జరుగుతుందో అదే ఫేజ్. దాని లెక్క: జి (గ్రావిటీ స్థిరాంకం) × ద్రవ్యరాశి వర్గం × సమయం, మొత్తాన్ని (హెచ్-బార్ × దూరం)తో భాగించాలి. హెచ్-బార్ అంటే ప్లాంక్ స్థిరాంకం హెచ్‌ను 2π తో భాగిస్తే వచ్చేది. ముందు పైభాగం కట్టండి: 6.674×10⁻¹¹ × 10⁻²⁸ × 2.5 = 1.67×10⁻³⁸. దీన్ని మెమరీలో పెట్టుకోండి, ఇక మారేది దూరమే. దారుల జంటలు నాలుగు: రెండింట్లో 450, ఒకదాంట్లో 200, ఇంకోదాంట్లో 700. ఫేజ్‌లు వరుసగా 0.352, 0.791, 0.226 రేడియన్లు. ఎంటాంగిల్‌మెంట్‌కు పనికొచ్చేది 0.791 + 0.226 − 2×0.352, అంటే సుమారు 0.31.

450 దగ్గర మీకు 7.1×10⁻⁸ వచ్చిందా? కింది భాగానికి బ్రాకెట్ పెట్టలేదు. చివరి జవాబు 0.05 దగ్గర ఆగితే హెచ్-బార్‌కు బదులు హెచ్ వేశారు.

ఇక అసలు చిక్కు. వంద మీటర్ల దూరంలో 20 టన్నుల మిర్యాలగూడ బియ్యం లారీ పోతే, ఒక రేణువు మీద దాని గుంజుడు పక్క రేణువు గుంజుడుకు నాలుగు కోట్ల రెట్లు. లారీ ఆ రెండింటినీ ముడి వేయదు గానీ ప్రతిసారీ ఫేజ్‌ను ఒక్కో తీరుగా కదిలించి ఫలితాన్ని చెరిపేస్తుంది.

ప్రయోగాలు ఎంతదాకా వచ్చాయంటే, 2021లో వియన్నాలో 90 మిల్లీగ్రాముల బంగారు గుండు గ్రావిటీని కొలిచారు. మన రేణువు దానికంటే 900 కోట్ల రెట్లు తేలిక. మరోవైపు 2019లో అక్కడే ఒకేసారి ఒకటికి మించిన దారుల్లో నడిపించిన అణువుల బరువు 25,000 అటామిక్ మాస్ యూనిట్లు దాటింది. అక్కడి నుంచి మన రేణువు దాకా సుమారు 24 కోట్ల రెట్లు పెరగాలి.

దూరం తగ్గిస్తే ఫేజ్ పెరుగుతుంది కదా అనిపిస్తుంది. కానీ 200 కంటే దగ్గరికి తెస్తే కాసిమిర్ బలం (చాలా దగ్గరున్న వస్తువుల మధ్య పుట్టే క్వాంటమ్ ఆకర్షణ) గ్రావిటీ కంటే చాలా వేగంగా పెరిగి, ముడి ఎవరు వేశారో చెప్పలేని పరిస్థితి వస్తుంది. బరువు సగానికి దించినా కష్టమే: ఫేజ్ నాలుగో వంతుకు పడిపోతుంది.