బిడ్డ చెబితే ఏం చేయాలి

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. లైంగిక వేధింపుల నుంచి పిల్లల్ని కాపాడుకోవడానికి తల్లిదండ్రులకు మొదట చెప్పేది ఇదే: ఒంట్లో ప్రతి భాగానికీ పేరు నేర్పండి, "ఛీ" అనకండి. మామయ్య వచ్చాడని బలవంతంగా ముద్దు పెట్టించకండి. హాని చేసేవాళ్లు ఎక్కువగా తెలిసినవాళ్లే.

తనకు అలాంటిది జరిగిందని బిడ్డ చెబితే కేకలు వేయొద్దు, గుచ్చి గుచ్చి అడగొద్దు. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదమ్మా" అనండి. తను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. అప్పుడు వేసుకున్న బట్టలు ఉతక్కుండా దాచండి. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేయాల్సిందే. పరువు పోతుందని పెద్దమనుషుల్లో రాజీ కుదర్చడం చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. స్టేషన్ అంటే భయపడకండి: వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. మీడియా బిడ్డ పేరు బయటపెట్టకూడదు.

హైస్కూలు పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు, "ఇద్దరికీ ఇష్టమైతే?" అని. 18 ఏళ్లు నిండనివారి సమ్మతి చట్టం ముందు చెల్లదు. ప్రేమ అన్నా అంతే. మగపిల్లలకూ ఇదే చట్టం రక్షణ.