పాత బ్లూస్ ఎల్పీ కొనేటప్పుడు ఒరిజినలో కాదో చూడటం ఎలా?

ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు) అట్ట మీద ఏడాది చూసి అదే ఒరిజినల్, అంటే మొదటిసారి అచ్చేసినదే, అనుకుని డబ్బులు పెట్టేయడం కొత్తగా మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ చేసేదే, నేనూ చేశా. పాత అట్టే మళ్ళీ మళ్ళీ వేసి అమ్ముతుంటారు కాబట్టి ముందు లోపలున్న రికార్డు బయటికి తీయండి.

అమెరికా నల్లజాతి వాళ్ళ బ్లూస్ పాటలు పాడిన రాబర్ట్ జాన్సన్‌నే తీసుకోండి. 1936లో సాన్ ఆంటోనియోలో, మరుసటేడు డల్లాస్‌లో పాడాడు, అప్పట్లో వచ్చినవన్నీ 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క ప్లేట్లే (ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది). అవి ఇప్పుడు మనలాంటోళ్ళకి అందవు. వాటిల్లోంచి, విడుదల కాని టేకుల్లోంచి 16 పాటలు ఏరి కొలంబియా రికార్డుల కంపెనీ 1961లో ఎల్పీ వేసింది, మనం వెతకాల్సింది అది.

మొదట లేబుల్. ఎర్ర లేబుల్ మీద ఎడమవైపు మూడు, కుడివైపు మూడు కన్ను గుర్తులుంటే తొలినాటి ప్రెస్సింగ్ (అచ్చు). 1962లో లేబుల్ మార్చేశారు, రెండే కళ్ళుంటే తర్వాతది.

తర్వాత పాటలు అయిపోయాక లేబుల్ చుట్టూ ఉండే నున్నటి చోట నంబర్ చూడండి, లైటు కింద వాల్చి పట్టుకుంటేనే కనపడుతుంది. చివర్లో 1ఏ ఉంటేనే ఫస్ట్ అని కొందరు గొడవ చేస్తారు గానీ కొలంబియా ఒకేసారి చాలా కటింగులు (రికార్డులు అచ్చేయడానికి మూలమయ్యే ప్లేట్లు) చేసి వేర్వేరు ఫ్యాక్టరీలకి పంపేది, 1డీ ఉన్నా కంగారు పడక్కర్లేదు.

ఇక కండిషన్. ఆన్‌లైన్‌లో వీజీ అని ఉంటే వెరీ గుడ్డే కదా అని ఒకటి తెప్పించా, సూది పెట్టగానే నూనెలో పకోడీలు వేస్తున్నట్టు ఒకటే చిటపట! అమ్మినాయన్ని అనడానికీ లేదు, ఆ గ్రేడుకి అర్థమే అంత. కనీసం వీజీ ప్లస్ చూడండి. మధ్య చిల్లు చుట్టూ సన్నటి గీతలు చాలా ఉంటే బాగా అరిగేదాకా వాడారన్నమాట. గీత గోటికి తగిలితే చెవికీ తగులుతుంది.

ఇంటికొచ్చాక డిస్టిల్డ్ వాటర్‌తో గాడి వెంబడే తుడిచి నిలబెట్టి పెట్టుకోండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. ఎప్పుడైనా 78 దొరికితే మాత్రం దానికి సూది వేరు, పైగా స్పిరిట్ కలిసిన క్లీనర్ అస్సలు తాకించొద్దు, వడ్రంగులు పాలిష్ కోసం లక్కని కరిగించేది ఆ స్పిరిట్‌లోనే.