పర్మిట్ అక్కర్లేదట కదా అని పిస్టల్ కొనేముందు

2025 అక్టోబరులో అమెరికాలోని డాలస్ ప్రాంతంలో గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీలో ఉన్న తెలంగాణ విద్యార్థిని కాల్చి చంపారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "ఇప్పుడు పర్మిట్ కూడా అక్కర్లేదట కదా, ఒకటి కొని పెట్టుకుంటే పోలా?"

పర్మిట్ అక్కర్లేదన్న మాట నిజమే. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, జార్జియాలో 2022 ఏప్రిల్ నుంచి, ఫ్లోరిడాలో 2023 జులై 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ దాచుకుని తిరగొచ్చు. కాకపోతే తుపాకీ ఉంచుకోవడానికి వేరే ఏ చట్టమూ అడ్డు రాకూడదు. మనవాళ్లు మునిగేది ఈ షరతు దగ్గరే.

వీసా మీద ఉన్నవాళ్లు

హెచ్‌-1బి, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1, బి-2: ఏ నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినా తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉండకూడదు. ఇది ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం, సెక్షన్ 922(జి)(5). శిక్ష 15 ఏళ్ల దాకా, ఆపైన డిపోర్టేషన్. రాష్ట్రం ఎత్తేసింది పర్మిట్‌ని. మీ వీసా మీదున్న నిషేధాన్ని కాదు.

కొంటేనే తప్పనుకోవద్దు, చేతిలోకి తీసుకున్నా తప్పే. ఫ్లోరిడాలో చదువు ఆగి స్టేటస్ (దేశంలో ఉండే చట్టబద్ధ హోదా) పోయిన విదేశీ విద్యార్థి మీద కేసు పడింది షూటింగ్ రేంజ్‌లో కాల్చినందుకే. అది 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని కూడా ప్రాసిక్యూషన్ రుజువు చేయాలని కోర్టు చెప్పింది. లాటరీలో పేరు వచ్చిన తేదీతో సహా గుర్తుండే హెచ్‌-1బి ఉద్యోగి, తన వీసా ఏదో తనకు తెలియదని ఏ జడ్జి ముందు చెప్తాడు?

గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ కింద డ్రాయర్‌లో ఓనరు పిస్టల్ పెట్టుకుని, షిఫ్టు మీకు అప్పజెప్పి తాళంచెవి ఇచ్చి వెళ్లాడనుకోండి. అది మీ అధీనంలో ఉన్నట్టేనని వాదించడానికి అంత చాలు. తుపాకీ ఉన్న డ్రాయర్ తాళం తీసుకోనని ముందే చెప్పండి.

హంటింగ్ (వేట) లైసెన్స్ ఉంటే ఈ నిషేధం నుంచి మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ చాలామంది దాన్నే నమ్ముకుని చిక్కుల్లో పడుతున్నారు. టెక్సస్‌లో ఏడాది లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. రెన్యూ చేయకపోతే మర్నాడు బీరువాలో ఉన్న తుపాకీయే నేరం. పైగా ఎఫ్‌-1 మీద అనుమతి లేకుండా బయట పనిచేస్తే స్టేటస్ చెడుతుంది, స్టేటస్ లేనివాళ్లకు ఈ మినహాయింపు వర్తించదు. చట్టం సంగతి అలా ఉంచినా ప్రమాదం ఉండనే ఉంది: 2024 నవంబరులో అట్లాంటాలో తన తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి తెలంగాణ విద్యార్థి ఒకరు చనిపోయారు. చట్టబద్ధంగా తుపాకీ ఉన్నవాళ్లు ఈ వరస తప్పొద్దు: ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీయాలి, తర్వాత స్లైడ్ (పిస్టల్ పైభాగం) వెనక్కి లాగాలి, చాంబర్‌లోకి (పేలే తూటా ఉండే గదిలోకి) చూడాలి, వేలు పెట్టి తడమాలి. మ్యాగజైన్ తీసేసినా చాంబర్‌లో ఒక తూటా మిగిలిపోవచ్చు. పేలేది అదే.

గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు

మీరు కొనుక్కోవచ్చు. అయినా టెక్సస్‌లో పిస్టల్ వెంట ఉంచుకునే లైసెన్స్ తీసుకోండి (పైన పర్మిట్ అన్నది దీన్నే). ఫీజు 40 డాలర్లు, 4 నుంచి 6 గంటల క్లాసు, 3, 7, 15 గజాల నుంచి మొత్తం 50 రౌండ్లు కాల్చి 250కి 175 పాయింట్లు తెచ్చుకోవాలి. లైసెన్స్ ఎందుకంటే, బడికి 1000 అడుగుల లోపల తుపాకీ తేకూడదని ఫెడరల్ చట్టం. బడి ఉన్న రాష్ట్రపు లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, పర్మిట్ లేకుండా తిరిగేవాళ్లకు లేదు. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో, ప్లేనోలో ఏ వీధిన వెళ్లినా ఏదో ఒక బడి తగులుతుంది. లైసెన్స్ లేకపోతే తూటాలు తీసి, తాళం వేసిన పెట్టెలోనే తుపాకీని తీసుకెళ్లాలి.

తుపాకీ చట్టం కింద శిక్ష పడితే గ్రీన్‌కార్డు కూడా పోవచ్చు.

ఇక అందరికీ వరసగా:

తుపాకీ కొనేటప్పుడు షాపులో నింపే 4473 ఫారంలో వీసా ప్రశ్నకు అబద్ధం రాయొద్దు. ఆ అబద్ధమే ఇంకో ఫెలొనీ (తీవ్రమైన నేరం).

సిటిజన్ బావమరిది చేత కొనిపించుకోవద్దు. 2022 నుంచి దీనికి విడిగా చట్టం ఉంది, ఇద్దరూ ఇరుక్కుంటారు.

భార్యకు గ్రీన్‌కార్డు, భర్తకు హెచ్‌-1బి అయితే సేఫ్ కోడ్ భర్తకు తెలియకూడదు.

ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) వచ్చినంత మాత్రాన గ్రీన్‌కార్డు వచ్చినట్టు కాదు. లాయర్‌ని అడగకుండా తుపాకీ ముట్టుకోవద్దు.

బి-2 మీద వచ్చిన అమ్మానాన్నల చేతికి పిస్టల్ ఇచ్చి ఫోటో తీయొద్దు. ఆ ఫోటోయే సాక్ష్యం.

టెక్సస్‌లో తలుపు మీద 30.05 బోర్డు (చట్టంలోని సెక్షన్ నంబరు) ఉంటే లైసెన్స్ లేనివాళ్లు, 30.06 ఉంటే లైసెన్స్ ఉన్నవాళ్లు దాచుకుని కూడా లోపలికి తేకూడదు. ఎర్రగా 51 శాతం అని రాసిన బార్‌లోకి అసలే వద్దు.

న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్, కాలిఫోర్నియాల్లో టెక్సస్ లైసెన్స్ చెల్లదు. న్యూయార్క్ అయితే 2022 నుంచి తన లైసెన్స్‌కు 16 గంటల క్లాసు, రేంజ్‌లో మరో 2 గంటలు పెట్టింది.

విమానంలో అయితే తూటాలు తీసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్‌లో చెప్పి, చెకిన్ బ్యాగేజీలోనే.

రేంజ్‌కి వాడిన బ్యాగుతో ఇండియా వెళ్లొద్దు. జేబు మడతలో ఒక్క తూటా ఉన్నా స్కానర్ పడుతుంది. శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసు. ఎంత దులిపినా సరే, ఆ బ్యాగు గ్యారేజీలోనే ఉండనివ్వండి.