కార్వెట్ సీ6కు ఎగ్జాస్ట్ వాల్వ్ కంట్రోలర్ బిగించడం ఎలా? ఒక్క వైరు కూడా కోయకుండా

సెకండ్ హ్యాండ్‌లో 2009 కార్వెట్ సీ6 (షెవ్రోలే స్పోర్ట్స్ కారులో ఆరో తరం) కొన్న వారానికే మా వీధిలో నాకు రెండు పేర్లు వచ్చాయి. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం, చుట్టూ సగం మనవాళ్లే. పిల్లలు "కార్వెట్ అంకుల్" అనేవారు. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి, తెల్లారకముందే వాకింగ్‌కి బయల్దేరే ఒక పెద్దాయన మాత్రం, "ఏం బాబూ, ట్రాక్టర్ కొన్నావా?" అని అడిగారు. ఐదున్నరకు నేను కారు స్టార్ట్ చేస్తే వీధి వీధంతా లేచేది. సైలెన్సర్ పాడైందేమోనని నేను కూడా అనుకున్నాను. తీరా చూస్తే, పాత ఓనరు ఫ్యూజు బాక్సులోంచి ఒక చిన్న ఫ్యూజు పీకేసి అలాగే అమ్మేశాడు. అది పెట్టగానే కారు పిల్లిలా అయిపోయింది. మరీ పిల్లిలా ఉన్నా బాగోలేదు, అందుకే ఎగ్జాస్ట్ శబ్దాన్ని బటన్‌తో పెంచి తగ్గించే కంట్రోలర్ దగ్గరికి వచ్చాను.

ఈ పద్ధతి పొగ గొట్టంలో వాక్యూమ్‌తో నడిచే వాల్వులున్న సీ6లకు. అంటే 2008 నుంచి 2013 వరకు వచ్చిన మామూలు కార్వెట్లలో ఎన్‌పీపీ అనే ఆప్షన్ ఉన్నవి, 2006 నుంచి వచ్చిన జెడ్06 (Z06) అనే ఎక్కువ పవరున్న కార్వెట్లు. ఎన్‌పీపీ లేని కారుకు వాల్వే ఉండదు కాబట్టి కంట్రోలర్‌తో పని లేదు. వెనక వంగి నాలుగు గొట్టాల్లోకి టార్చి వేసి చూడండి. రెండింట్లో లోపల గుండ్రటి రేకు కనిపిస్తే మీది ఎన్‌పీపీనే.

అసలు ఆ రేకును ఎవరు తిప్పుతున్నారు?

ఇది అర్థమైతే మిగతా పని అరగంటది. ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు ఇన్‌టేక్‌లో వాక్యూమ్ పుడుతుంది. సన్నటి రబ్బరు గొట్టం ఒకటి ఆ వాక్యూమ్‌ను కారు వెనక దాకా తీసుకెళ్తుంది. దారిలో ఒక సోలెనాయిడ్ ఉంటుంది, కరెంటుతో తెరుచుకునే కుళాయి అనుకోండి. దానికి కరెంటు వెళ్తే వాక్యూమ్ వాల్వు దగ్గరున్న డయాఫ్రమ్‌ను, అంటే పల్చటి పొరను లాగుతుంది, రేకు మూసుకుంటుంది, పొగ అంతా మఫ్లర్ (సైలెన్సర్) లోపలి పొడుగు దారిలో తిరిగి నెమ్మదిగా బయటికొస్తుంది. కరెంటు ఆగితే స్ప్రింగు రేకును తెరిచేస్తుంది, పొగకు దగ్గర దారి దొరుకుతుంది, గర్జన మొదలవుతుంది.

గుర్తుంచుకోవాల్సింది ఇదే: కరెంటు ఉంటే నిశ్శబ్దం, లేకపోతే శబ్దం. కంపెనీ ఇలా పెట్టడానికి కారణం లేకపోలేదు. ఎక్కడో వైరు తెగినా, గొట్టం చిరిగినా వాల్వు తెరుచుకునే ఉంటుంది, ఇంజిన్ ఊపిరి మాత్రం ఆగదు. పాత ఓనరు ఫ్యూజు పీకి సాధించింది కూడా ఇదే. మామూలుగా అయితే కారు కంప్యూటరు నెమ్మదిగా వెళ్తున్నప్పుడు మూసి ఉంచి, మీరు గట్టిగా తొక్కినప్పుడు తెరుస్తుంది. ఈ ఏర్పాటు వల్లే 430 హార్స్‌పవర్ ఇంజిన్ ఎన్‌పీపీతో 436 అయింది. ఆ ఆరు గుర్రాల కోసం ఎవరూ కొనరు, గొంతు కోసం కొంటారు.

కాబట్టి కంట్రోలర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఆ ఫ్యూజు దారిలో కూర్చునే ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, దానికో రిమోటు. ఒక నొక్కుకు దారి కలుస్తుంది, కారు కంపెనీ పద్ధతిలో నడుస్తుంది. ఇంకో నొక్కుకు దారి తెగుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. ఫ్యూజు పీకడం, పెట్టడం అనే పనిని సీట్లో కూర్చుని చేసినట్టన్నమాట.

కొనేముందు ఒక సాయంత్రం ఖర్చు లేని పరీక్ష

ఓనర్ మాన్యువల్ తీసి, ఫ్యూజుల పేజీలో ఎగ్జాస్ట్‌కు సంబంధించిన ఫ్యూజు ఏదో వెతకండి. నంబరు ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పింది కాకుండా మీ కారు మాన్యువల్లో ఉన్నదే నమ్మండి. అదే ఫ్యూజు మీద ఇంకేదైనా పరికరం నడుస్తోందేమో కూడా ఆ పేజీలోనే తెలుస్తుంది. నడుస్తుంటే వాల్వుతో పాటు అది కూడా ఆగుతుంది, అప్పుడీ పద్ధతి మీకు పనికిరాదు.

ఫ్యూజు తీసి, ఒక గంట హైవే మీద తిరిగి రండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, పార్కింగ్‌లో విన్న శబ్దం వేరు, గంటసేపు చెవిలో మోగే శబ్దం వేరు. వీ8 ఇంజిన్ ఒక చుట్టుకు నాలుగుసార్లు పేలుతుంది. 1800 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకు 120 సార్లు. ఆ హోరు సరిగ్గా కారు లోపలి గాలిని ఊపేస్తుంది, పక్కసీట్లో వాళ్లకు తలనొప్పి తెప్పిస్తుంది. మా ఆవిడ ఇరవై నిమిషాలకే "ఇది ఆపే బటన్ లేదా?" అంది. ఆ బటన్ కోసమే ఇదంతా.

ఫ్యూజు తీసినా శబ్దంలో తేడా లేదంటే రేకు తుప్పుపట్టి బిగుసుకుందనో, వాక్యూమ్ గొట్టం చిరిగిందనో అర్థం. ముందు దాన్ని బాగుచేయించాలి. బిగుసుకున్న వాల్వుకు కంట్రోలర్ పెట్టడం తాళం పడిన తలుపుకు కాలింగ్ బెల్ పెట్టడం లాంటిది.

కావలసినవి

రెడీమేడ్ కంట్రోలర్ కొంటే ఇంక కావలసింది 10 ఎంఎం పాన, టార్చి, ఫ్యూజు పీకే చిన్న ప్లాస్టిక్ పట్టకారు, మల్టీమీటర్, నాలుగు జిప్ టైలు. అంతే.

సొంతంగా చేసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. "యాడ్ ఎ ఫ్యూజు" పేరుతో దొరికే ట్యాప్ కొనకండి. అది ఉన్న ఫ్యూజు పక్కన ఇంకో కొత్త లైను ఇస్తుంది తప్ప పాత లైనును తెంచదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, నేను కూడా పది డాలర్లు పోగొట్టుకున్నాను. మనకు కావలసింది ఫ్యూజు ఆకారంలో ఉండి, రెండు కాళ్ల నుంచి రెండు విడి వైర్లు బయటికొచ్చే ప్లగ్గు. ఆ రెండు వైర్ల మధ్య రిలే వస్తుంది. ఐదు పిన్నుల మామూలు 12 వోల్టుల కారు రిలే చాలు. ఫ్యూజు లైనును 30, 87ఏ పిన్నులకు కలపండి, 87కు కాదు. 87ఏ అంటే రిలేకు కరెంటు లేనప్పుడు కలిసి ఉండే పిన్ను. రేపు స్విచ్ పాడైనా, వైరు ఊడినా కారు తనంతట తాను కంపెనీ పద్ధతికి వచ్చేస్తుంది. 85, 86 పిన్నులకు స్విచ్ లైను. కారులోంచి తీసిన ఫ్యూజును పారేయకుండా, లైవ్ కాలి వైపు వచ్చే వైరులో, ప్లగ్గుకు వీలైనంత దగ్గరగా హోల్డర్‌లో పెట్టండి. అదే ఆంపియర్ ఉండాలి. పెద్దది పెడితే కాలేది ఫ్యూజు కాదు, వైరు.

రెడీమేడ్ కొనేవాళ్లు కూడా అమ్మేవాణ్ణి ఈ ఒక్క ప్రశ్న అడగండి: కంట్రోలర్ బాక్సు చచ్చిపోతే వాల్వు ఏమవుతుంది?

బిగించడం

సీ6లో ఫ్యూజు బాక్సు పక్కసీటు కాళ్ల దగ్గర ఉంటుంది. కార్పెట్ ముందు అంచు పట్టుకుని మీ వైపు లాగండి, కింద గట్టి పలక ఒకటి కనిపిస్తుంది. దాన్ని తీస్తే ఫ్యూజులు. అక్కడే కారు బాడీ కంప్యూటరు కూడా ఉంటుంది కాబట్టి చేతిలో కాఫీ కప్పు లేకుండా చూసుకోండి.

ఫ్యూజు పీకండి. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, మల్టీమీటర్ నల్ల వైరు కారు చట్రం లోహానికి తగిలించి, ఎర్రదాంతో ఫ్యూజు గూట్లోని రెండు కాళ్లూ చూడండి. ఒకదాంట్లో 12 వోల్టుల పైన చూపిస్తుంది. అది లైవ్ కాలు. మార్కర్‌తో పక్కన చుక్క పెట్టుకోండి. ఇప్పుడు ఇగ్నిషన్ ఆఫ్ చేసి, కొన్ని నిమిషాలాగి మళ్లీ చూడండి. అప్పటికీ 12 చూపిస్తే ఆ గూటికి ఎప్పుడూ కరెంటు ఉంటుందన్నమాట. అక్కడి నుంచి పవర్ తీసుకునే, రిమోటు మాట వినే రిసీవర్ రాత్రీ పగలూ బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. 20 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా నెలకు 14 ఆంపియర్ అవర్లు దాటుతుంది. సెలవులకు ఇండియా వెళ్లి రెండు నెలల తర్వాత వచ్చేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయాలి. ఆగండి. పాన పట్టుకునేముందు డ్రైవరు కిటికీ అద్దం కిందికి దించండి, వెనక డిక్కీ తెరిచి ఉంచండి. సీ6 తలుపులకు మామూలు హ్యాండిల్ లేదు, కరెంటు బటన్ ఉంది. బ్యాటరీ తీసేశాక తలుపు పడిందా, బయటి నుంచి బటన్ పనిచేయదు. నేను మే నెల ఎండలో, తాళం, ఫోను రెండూ లోపల సీటు మీద పెట్టి, గరాజ్‌లో కారు చుట్టూ ప్రదక్షిణలు చేశాను. రిమోటు కీలోనే దాచిన చిన్న లోహపు తాళం చెవితో వెనక నంబర్ ప్లేటు దగ్గరున్న తాళం తీసి, డిక్కీ లోపల వేలాడే పట్టీ లాగితే డ్రైవరు తలుపు తెరుచుకుంటుంది. కానీ ఆ కీయే లోపల ఉంటే ఏం చేస్తాం? మా ఆవిడ రెండో కీ తీసుకుని ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చున్నాను. లోపల చిక్కుకుంటే మాత్రం భయం లేదు, సీటు పక్కన నేల మీద చేత్తో లాగే లివర్ ఉంది. ఇంటిల్లిపాదికీ చూపించి ఉంచండి.

నెగటివ్ తీశాక ప్లగ్గును ఫ్యూజు గూట్లో దిగేదాకా నొక్కండి. లైవ్ కాలి గుర్తు కంట్రోలర్ సూచనల్లో చెప్పిన వైపు ఉండాలి. తిరగేసి పెడితే బాక్సుకు పవర్ రాదు, రిమోటు పలకదు. తీసి తిప్పి పెడితే సరిపోతుంది.

కంట్రోలర్ నల్ల వైరు ఎర్త్‌కు. దగ్గర్లో చట్రం లోహంలోకి దిగిన బోల్టు చూసుకుని, రింగ్ టెర్మినల్ దాని కింద బిగించండి. రంగు పూసిన చోట అయితే బోల్టు కింద కొద్దిగా గీకాలి. ఎయిర్‌బ్యాగ్ వైర్లు పసుపు తొడుగులో ఉంటాయి, వాటి జోలికి గానీ వాటి బోల్టుల జోలికి గానీ వెళ్లకండి. ఫ్యాక్టరీ వైరుకు పళ్లు దించి పట్టుకునే నీలం క్లిప్పులు కూడా వద్దు. అవి తీసేశాక వైరు తోలు మీద గాటు ఉండిపోతుంది, రెండేళ్లకు లోపల పచ్చగా చిలుము పడుతుంది. కోయలేదు కదా అని తృప్తి పడటానికి లేదు.

బాక్సును జిప్ టైలతో కదలకుండా కట్టి, పలక మూసి చూడండి. వైరు నలిగితే మూత సమంగా కూర్చోదు, మళ్లీ తీసి దారి మార్చండి.

చెక్ చేయడం, తర్వాతి సంగతులు

బ్యాటరీ కలిపి, ఇంట్లోవాళ్లను ఎవరినైనా వెనక పక్కకు జరిగి నిలబడమనండి, గొట్టానికి ఎదురుగా వద్దు. గరాజ్ తలుపు పూర్తిగా తెరిచాకే స్టార్ట్ చేయాలి. స్టార్ట్ అవగానే ఒక్క క్షణం గట్టిగా అరుస్తుంది. వాక్యూమ్ తయారయ్యేదాకా రేకు తెరిచే ఉంటుంది కాబట్టి అది మామూలే. తర్వాత రేకు మూసుకోవాలి. రిమోటు నొక్కండి, తెరుచుకోవాలి. మళ్లీ నొక్కండి, మూసుకోవాలి. పది సార్లు చేయండి. కొన్నిసార్లే మూసుకుంటుంటే తప్పు కంట్రోలర్‌ది కాకపోవచ్చు, వెనక రబ్బరు గొట్టం ఎండి పగిలిందేమో చూడాలి.

బ్యాటరీ తీసి పెట్టాక కిటికీ అద్దాలు మళ్లీ నేర్చుకోవాలి. అద్దం పైదాకా ఎక్కించి, స్విచ్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకోండి. లేదంటే తలుపు తీసినప్పుడు అద్దం కొంచెం కిందికి దిగడం ఆగిపోతుంది.

ఒకటి అలవాటు చేసుకోండి. ఎప్పుడూ తెరిచే ఉంచకుండా వారానికి ఒకసారైనా కంపెనీ పద్ధతిలో నడపండి. కదలని రేకు ఉన్నచోటే బిగుసుకుంటుంది. నా కారులో ఎడమవైపు రేకు మొదట్లో సగమే మూసుకునేది, పాత ఓనరు పుణ్యం.

కొత్త కార్లలో చాలావాటికి వాక్యూమ్ బదులు చిన్న మోటార్లే వాల్వును తిప్పుతాయి. వాటికి ఫ్యూజు చిట్కా వాడితే డ్యాష్‌బోర్డులో లైటు వెలగొచ్చు. ఆయా మోడల్‌కు చేసిన, కనెక్టరు మధ్యలో కూర్చునే కంట్రోలరే కొనాలి.

చట్టం సంగతి. ఈ వాల్వు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉంటుంది కాబట్టి పొగ పరీక్షతో పేచీ లేదు, పేచీ అంతా శబ్దంతోనే. కాలిఫోర్నియాలో ఇలాంటి కార్లకు పరిమితి 95 డెసిబెల్స్. మిగతా రాష్ట్రాల్లో, ఊళ్లలో ఎక్కడి రూలు అక్కడిది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వాల్వులున్న కారు వాడేవాళ్లు దీన్ని చూసి ఉత్సాహపడకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పులను ఒప్పుకోదు, 190(2) కింద శబ్దానికి పదివేల దాకా జరిమానా పడొచ్చు. మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించే ఫొటోలు మీరూ చూసే ఉంటారు.

కారు అమ్మేటప్పుడు గానీ, రిపేరు పని మీద షెడ్డుకు ఇచ్చేటప్పుడు గానీ వెనక్కి తీయడం అయిదు నిమిషాల పని. ప్లగ్గు పీకి, ఎర్త్ బోల్టు వదులు చేసి రింగ్ తీసి, బోల్టు మళ్లీ బిగించి, పాత ఫ్యూజు దాని గూట్లో పెట్టాలి. ఆ ఫ్యూజు కోసం వెతుక్కునే పని లేకుండా, మొదటి రోజే ఒక స్పేర్ ఫ్యూజు చిన్న జిప్ కవర్లో వేసి, మాన్యువల్లో ఫ్యూజుల పేజీ దగ్గర టేపుతో అంటించండి. మా పాత ఓనరు ఆ పని చేసుంటే నన్ను ట్రాక్టర్ అబ్బాయి అనేవాళ్లు కాదు.